ఇల్లున్నవాడు చెత్త, కిరాయివాడు పీత

నేను అబద్ధాలకోరునని మా ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు. అది నిజం కాదు. ఉన్నదానికి కాస్త గాలి కొడతాను, అంతే. సైకిల్ ట్యూబుకి గాలి కొట్టేవాణ్ణి ఎవరూ మోసగాడనరు కదా! కాకపోతే మొన్న వర్షాకాలంలో, నత్తల విషయంలో, ఒక్క గుక్కెడు గాలి కూడా కలపకుండా నిజం చెప్పాను. దానికి పడ్డ పాట్లు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అంతకు ముందు నేనొక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పత్రిక మూతపడింది. అచ్చుతప్పులు వెతికిన కళ్లు ఖాళీగా ఉండలేవు కాబట్టి కొండాపూర్‌లో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో కొత్త పనిలో కుదిరాను. ఎక్కడో విదేశంలో ఒక కంపెనీ రొయ్యల బోట్ల మీద కెమెరాలు బిగిస్తోంది. వల పైకి లాగి డెక్కు మీద కుమ్మరించగానే కెమెరా పైనుంచి ఫోటో తీస్తుంది. రొయ్యల కోసం వేసిన వలలో రొయ్యలు కాక ఇంకా ఏమేం పడి చస్తున్నాయో యంత్రం తనంతట తాను లెక్క చెప్పాలి. చెప్పాలంటే ముందు దానికి ఎవరో నేర్పాలి. ఆ నేర్పే అయ్యవార్లం మేము. ఫోటోలో ఒక్కో ప్రాణి చుట్టూ ఒక పెట్టె గీసి, దాని మీద పేరు తగిలించాలి. మా టీమ్‌లో కుర్రపిల్లలు గీసినవి సరిగ్గా ఉన్నాయా లేదా అని చూడడం నా పని.

ఇంటర్వ్యూలో సముద్రం గురించి ఏమైనా తెలుసా అని అడిగారు. "పదేళ్లు రొయ్యల బోటు మీద కళాసీగా చేశానండీ" అన్నాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, చేసింది మూడు ట్రిప్పులు. మూడింటిలోనూ వల లాగినదానికంటే బోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నదే ఎక్కువ. కానీ విశాఖపట్నం రేవులో మా అమ్మ ఏరుడు పని చేసేది. బోటు తెచ్చిన కుప్పలోంచి రొయ్యలు ఒక బుట్టలోకి, పీతలు ఒక బుట్టలోకి, చిన్న చేపలు ఒక బుట్టలోకి ఏరి వేయడం. స్కూలు లేనప్పుడల్లా ఆ కుప్ప పక్కనే నా కాపురం. కాబట్టి నాకు సముద్రం తెలియదుగానీ, సముద్రం కక్కింది బాగా తెలుసు.

మా రూల్సు పుస్తకంలో నాలుగే పేర్లు. రొయ్య, చేప, పీత, చెత్త. చెత్తకి ఇంగ్లీషులో గౌరవంగా వేరే మాట ఉండేదిగానీ మేమందరం చెత్త అనేవాళ్లం. అందులోకి రాళ్లు, కర్రముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, తెగిన తాళ్లు, ఆ వరసలోనే "గుల్లలు" అని ఒక మాట ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ బ్యాచ్‌కి కొత్తగా చేర్చిన ఒక నియమం: గుల్లలోంచి కాళ్లు కనిపిస్తే పీత, కనిపించకపోతే చెత్త.

ఆ వాక్యం చదివి నేను కుర్చీలోంచి లేచాను.

సన్యాసి పీత అని ఒకటుంది. సన్యాసి అన్నారుగానీ ఇంటి యావ దానికున్నంత ఎవరికీ ఉండదు. దాని వెనక భాగం మెత్తన, సొంత గుల్ల లేదు. నత్త చచ్చిపోయి గుల్ల ఖాళీ అయితే అందులో దూరి కూర్చుంటుంది. ఒళ్లు పెరిగి ఇల్లు ఇరుకైతే ఇంకో పెద్ద గుల్ల చూసుకుంటుంది. అచ్చంగా మా నల్లగండ్ల అపార్టుమెంటులో కిరాయికున్నవాళ్ల లాగే. ఇక అసలు నత్త ఉందే, తన ఇంటిని తానే కట్టుకుంటుంది. పుట్టినప్పటినుంచీ సున్నం పూస పూసగా చేర్చి, మెలిక మీద మెలిక తిప్పి, గుమ్మానికి ఒక తలుపు కూడా పెట్టుకుంటుంది. వలలో పడి డెక్కు మీద ఊడిపడగానే భయపడి లోపలికి ముడుచుకుని ఆ తలుపు వేసేసుకుంటుంది. పైనుంచి ఫోటో తీస్తే కాళ్లెక్కడ కనిపిస్తాయి?

అంటే మా రూలు ప్రకారం, ఇల్లు కట్టుకుని అందులో ప్రాణంతో ఉన్న నత్త చెత్త. అది చచ్చాక ఆ ఇంట్లో దూరిన కిరాయివాడు మాత్రం పీత, లెక్కలోకి వస్తాడు. నత్త లెక్కకెక్కాలంటే చచ్చి ఇల్లు ఖాళీ చెయ్యాలి. అప్పుడైనా లెక్కకెక్కేది అది కాదు.

ఆ రోజు సోమవారం. బ్యాచ్ శుక్రవారం పంపాలి. ఒకసారి పంపేశాక యంత్రం మేం చెప్పింది నేర్చేసుకుంటుంది. ఆపైన ఏ బోటు మీద బిగించినా, కుప్పలో నత్తలు, శంఖాలు, ఆల్చిప్పలు వందల్లో పడి ఉన్నా "ఇక్కడ కొంచెం చెత్త ఉంది" అని చెప్పి ఊరుకుంటుంది. నాలుగు రోజుల్లో అయిదో పేరు ఒకటి పెట్టించాలి. నాకు కావలసింది అంతే.

మా టీమ్ లీడ్‌ది సిద్దిపేట వైపు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, నాకంటే ఇరవై రెట్లు బుద్ధిమంతురాలు. వెళ్లి చెప్పాను. ఆమె కంప్యూటర్ మీదనుంచి కళ్లు తిప్పకుండా వింది.

"అన్నా, అవి రాళ్ల లెక్క పడున్నయ్ గద. బతికున్నయని నువ్వెట్ల చెప్తవు?"

"తలుపు ఉందమ్మా. గోధుమరంగు మూత. మూత ఉంటే లోపల మనిషి ఉన్నట్టే."

"మనిషా?"

"నత్త."

"రాళ్ల లెక్క పడుంటయా, కదుల్తయా?"

ఇక్కడే తప్పు చేశాను. నిజం ఆపలేకపోయాను. "కదలడమేమిటమ్మా, నడుస్తాయి. కుప్ప కాసేపు కదపకుండా, తడి ఆరకుండా ఉంచితే ఒక్కొక్కటీ మెల్లగా తలుపు తీస్తుంది. మెత్తటి పాదం బయటపెట్టి కుప్పలోంచి దిగి నడుచుకుంటూ పోతుంది. మా చిన్నప్పుడు కుప్పకి కుప్పే అంచుల్లోంచి నడిచి పోయేది."

నా పక్క సీటు కుర్రవాడిది కడప. మంచివాడేగానీ నాలుకకి గేటు లేదు. వెనకనుంచి అందుకున్నాడు. "ఏమన్నా, మీసం పట్టుకుని బోటు లంగరేసిన రొయ్య కథ అయిపోయిందా? ఇప్పుడు నత్తలు మార్నింగ్ వాక్‌కి పోతాండాయా?"

అందరూ నవ్వారు. టీమ్ లీడ్ కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఏమనగలను? రొయ్య మీసం కథ నాదే. పీత నా చేతి గడియారం లాక్కుని పెట్టుకుని, ఆ తర్వాత మూడేళ్లు టైముకి రేవుకి వచ్చిన కథా నాదే. శంఖం చెవి దగ్గర పెట్టుకుంటే అందరికీ సముద్రం హోరు వినిపిస్తే, మా వీధి శంఖంలో మాత్రం తుపాను హెచ్చరికలు వినిపించేవని కిందటి నెలే చెప్పాను. రెండేళ్లుగా ఆ క్యాంటీన్‌లో నేను తినిపించిన అబద్ధాలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా నాకే వడ్డించారు.

"గిది రూల్లో లేదన్నా" అంది టీమ్ లీడ్ చివరికి. "రూలు మార్చాలంటే క్లయింటుకి ఆధారం చూపియ్యాలె. నీ మాట ఆధారం కాదు, ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదు. సీటుకి వెళ్లి నూట పన్నెండు ఫోటోలు చూశాను. ప్రతి ఫోటోలోనూ తలుపులు వేసుకుని కూర్చున్న నత్తలు. మెలిమెలికలుగా సూదిమొనలా పొడుగ్గా ఉన్నవి, బొంగరాల్లాంటివి, ఒళ్లంతా ముళ్లున్నవి. మా అమ్మ వాటిని ఏరి పక్కన పెట్టేది. ఏ బుట్టలోకీ రానివి కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు. వాటిని చీర కొంగులో వేసుకుని గట్టు చివరికి నడిచి నీళ్లలోకి వదిలేది. "ఇళ్లున్నోళ్లు, ఇళ్లకి పోనీ" అనేది. ఏరుడు మేస్త్రీ ఆ కాస్త సేపు పని ఆగిందని తిట్టేవాడు. ఇప్పుడు ఆరో అంతస్తులో ఏసీలో కూర్చుని అదే నత్త చుట్టూ గీసిన ఎర్ర పెట్టెకి "చెత్త, సరిగ్గా ఉంది" అని నేను టిక్కు కొడుతున్నాను. రోజుకి ఎన్నని!

మంగళవారం గూగుల్లో వెతికి కాగితాలు ప్రింటు తీసి ఇచ్చాను. "ఇంటర్నెట్‌ల ఏదైనా ఉంటది" అంది టీమ్ లీడ్. అదే మాట ఇంకెవరైనా అంటే నేనూ ఒప్పుకుంటాను. మదీనాగూడలో పెద్ద చేపల దుకాణానికి వెళ్లి బతికున్న నత్తలు దొరుకుతాయా అని అడిగాను. "సముద్రపు నత్తలా? ఎందుకు సార్, మోకాళ్ల నొప్పులా? అవైతే పొలాల నత్తలే మంచిగుంటయ్" అన్నాడతను. వానలో తడిసి, ట్రాఫిక్‌లో రెండు గంటలు నిలబడి ఇంటికి చేరాను. తుడుచుకోవడానికి తువ్వాలు అందిస్తూ మా ఆవిడ అడిగింది: "నత్తల కోసమా ఈ తిరుగుడంతా?" అవునన్నాను. ఆమె కూడా నమ్మలేదు.

మిగిలింది ఒక్క దారి. ఆ దారి నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసే తప్పించుకు తిరిగాను.

మా అక్క ఇప్పటికీ రేవులో ఏరుడు పనే చేస్తుంది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే చిన్న బోట్ల కుప్పల్లో నత్తలు ఇంకా బతికే ఉంటాయి. వీడియో కాల్ చేస్తే చేత్తో పట్టుకుని చూపిస్తుంది. కాకపోతే మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. నేను పదేళ్ల కళాసీనని నమ్మి ఉద్యోగమిచ్చిన టీమ్ లీడ్ ఎదురుగా ఆమె నోరు తెరిస్తే, నా పదేళ్లు మూడు ట్రిప్పులవడానికి మూడు నిమిషాలు చాలు.

బుధవారం మధ్యాహ్నం దాకా ఆలోచించాను. ఆఖరికి చేశాను. మా ఫ్లోరులో ఫోన్లు నిషేధం, లాకర్లో పెట్టాలి. అందుకని క్యాంటీన్‌లో, టీ మెషీన్ పక్కన, టీమ్ లీడ్‌ని, కడప కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఫోను నీళ్ల గ్లాసుకి ఆనించాను. తెర మీద ముందు ఒక రేకుల కప్పు, తర్వాత ఒక కాకి, ఆ తర్వాత మా అక్క ముఖం.

"ఏటిరా తమ్ముడూ, పనేళ ఫోను సేసినావు? ఎవరైనా పోయారేటి?"

"ఎవరూ పోలేదక్కా. కుప్పలో నత్తలున్నాయా? బతికున్నది ఒకటి వీళ్లకి చూపించు."

"నత్తా? రొయ్య గాదా? నీకు మతుందా?" అంటూనే వంగి కుప్పలోంచి ఒకదాన్ని తీసింది. బొంగరం ఆకారం, తెలుపు మీద గోధుమ చుక్కలు. కెమెరాకి దగ్గరగా పట్టింది. "ఇదిగో, సూడండమ్మా. ఇది దీని తలుపు. మూసుకుంది గదా? ఇప్పుడు కాసిన్ని ఉప్పునీళ్లు పోస్తాను, సూస్తుండండి."

అరచేతిలో నీళ్లు పోసి కదలకుండా పట్టుకుంది. మేం చూస్తూ కూర్చున్నాం. నిమిషం దాటింది. తలుపు అంచు కొద్దిగా లేచింది. లోపలినుంచి తెల్లటి పాదం నాలుకలా బయటికి వచ్చి అరచేతిని తడిమింది. అక్క గోరుతో తట్టింది. చటుక్కున లోపలికి పోయి తలుపు పడింది.

"అయ్యో" అంది టీమ్ లీడ్ తనలో తాను. "అక్కా, గిట్లాంటివి కుప్పల ఎన్ని ఉంటయ్?"

"లెక్కెవడు సూసేడమ్మా? పారతో ఎత్తి పారేసినన్ని. డెక్కు మీదే ఎండలో సచ్చినవి సచ్చినాక నీళ్లలోకి నూకేత్తారు. ఒడ్డుకొచ్చినవి ఎండబెట్టి కోళ్ల మేతకి పొడి సేత్తారు."

"నడుస్తయా?"

"నడవక? కాసేపు ముట్టకుండా ఒగ్గెయ్యి, దాని దారిన అది పోద్ది."

నేను కడప కుర్రవాడి వైపు చూశాను. అంతటితో ఫోను కట్టేసి ఉంటే బాగుండేది. కానీ అతను ముందుకి వంగాడు. "అక్కా, ఒక్కమాట. మీ తమ్ముడు పదేండ్లు బోటు మీద పనిచేసినాడంట గదా, తుపాన్లో ఈదుకుంటా ఒడ్డుకొచ్చినాడంట, నిజమేనా?"

మా అక్క నవ్వు క్యాంటీన్ అంతా వినిపించింది. "ఈడా? ఈడికి ఈతే రాదు! మూడు ట్రిప్పులెల్లినాడు. మూడోదాంట్లో బోటు డ్రైవరు ఈణ్ణి ఎనక్కి తీసుకొచ్చి మాయమ్మకి అప్పజెప్పి, 'నీ కొడుకుని ఇంక పంపకు, నా డెక్కు కడుక్కోలేకపోతన్నాను' అన్నాడు. ఆ రోజునుంచి ఈడు కుప్ప కాడే. అమ్మ ఏరతంటే ఈడు నత్తలకి పేర్లు పెట్టీవోడు."

టీమ్ లీడ్ నా వైపు చూడలేదు. ఫోను కట్టేశాక టీ కప్పు పక్కకి జరిపింది.

"పదేండ్లు కాదా అన్నా?"

"మూడు ట్రిప్పులు."

"నేను క్లయింటుకి రాసిన. మా దగ్గర పదేండ్లు సముద్రం జూసినాయన ఉన్నడని. నా పేరు పెట్టి రాసిన."

క్షమించమన్నాను. ఆమె కప్పు తీసుకుని లేచి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

గురువారం క్లయింటుతో మీటింగ్. నన్ను గదిలో ఒక మూల కూర్చోబెట్టి, "నువ్వేం మాట్లాడకు, నీకు దండం పెడత" అంది. తానే చెప్పింది. అక్క చెప్పినదాన్ని తలుపుతో సహా, ఉప్పునీళ్లతో సహా వివరించింది. ఇరవై ఏళ్లుగా ఏరుడు పని చేస్తున్న ఒకామె చూపించిందని చెప్పింది. తెర మీద క్లయింటు తరఫున ఒక తెల్లజుట్టు పెద్దావిడ తల ఊపుతూ వింది. చాలా ఆసక్తికరంగా ఉందంది. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడిగింది. వీటిని ఎవరైనా కొంటారా? అంతరించిపోయే జాతా? మీ బ్యాచ్ ఆలస్యమవుతుందా? మొదటి రెండూ మాలో ఎవరికీ గట్టిగా తెలియవు. మూడోదానికి "అవదు మేడమ్" అంది టీమ్ లీడ్. ఆలోచించి చెబుతామన్నారు. నా నాలుక చివర ఇరవై మాటలు నిలబడి ఉన్నాయి. చేతులు కట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పడానికి కూర్చున్న ఆ గదిలో నోరు విప్పకూడనివాణ్ణి నేనొక్కణ్ణే.

శుక్రవారం పదకొండు గంటలకి జవాబు వచ్చింది. అయిదో పేరు ఒప్పుకున్నారు! నేను లేచి నిలబడ్డాను. టీమ్ లీడ్ మెయిల్ కిందికి జరిపి ఆ పేరు చదివింది. నేను మళ్లీ కూర్చున్నాను.

పట్టికలో కొత్త పేరు చేర్చడానికి సమయం లేదట. ఉన్నవాటి కింద ఉపవిభాగం మాత్రమే వీలవుతుందట. అందుకని చెత్త కింద చేర్చారు. తెలుగులో చెప్పాలంటే: "చెత్త, బతికున్నది."

"పేరుదేముందన్నా, వచ్చింది గద" అన్నాడు కడప కుర్రవాడు. ఈసారి ఎగతాళిగా అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం మానేసి మేం ముగ్గురం కూర్చుని, దొరికినన్ని నత్తలకి పెట్టెలు మార్చాం. మూత కనిపించిందా, బతికున్న చెత్త. కనిపించలేదా, ఉత్త చెత్త. బోర్లా పడినవాటికి ఏమీ చేయలేకపోయాం. అవెన్నో!

నాలుగు గంటలకి మూడు ఫోటోలు వరసగా వచ్చాయి. ఒకే కుప్ప, కొంత కొంత సేపటికి తీసినవి. డెక్కు మీద ఒక పసుపు గీత ఉంటుంది. లెక్కంతా ఆ గీత లోపలే. మొదటి ఫోటోలో కుప్ప అంచున ఒక ముళ్ల నత్త, తలుపు వేసుకుని. రెండోదాంట్లో అదే నత్త గీత మీద. మూడోదాంట్లో గీతకి అవతల జానెడు దూరంలో, పాదం బయటపెట్టి, వెనక తడి చార వదులుతూ, సముద్రం వైపున్న అంచుకి ముఖం పెట్టి ఉంది.

"ఇటు రండి" అన్నాను.

కడప కుర్రవాడు మూడు ఫోటోలూ ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "బోటు ఊగి దొర్లిందేమో" అన్నాడు, కానీ తానే తల అడ్డంగా ఊపాడు. చుట్టుపక్కల గుల్లలేవీ అంగుళం కూడా జరగలేదు.

టీమ్ లీడ్ నా కుర్చీ వీపు మీద చేయి వేసి వంగి చూసింది. "నడిచిందన్నా" అంది. "నిజంగనే నడిచింది."

నేను దాని చుట్టూ పెట్టె గీయబోయాను. గీత బయట పెట్టె పడదని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్లీ గీశాను. మళ్లీ అవే వచ్చాయి. మూడోసారి గీస్తుంటే టీమ్ లీడ్ మౌస్ మీద నా చేతిని మెల్లగా ఆపింది. "గీత బయట ఉన్నదన్నా. రూల్లో లేదు. ఇగ పంపాలె." అయిదింటికి బ్యాచ్ పంపేసింది.

కిందికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. వాన తెరిపిచ్చింది. అక్క ఫోను. నత్తకి ఒక పేరు అడుగుతున్నామని గురువారం రాత్రే ఆమెకి చెప్పాను.

"ఏటైందిరా? పేరెట్టారా నత్తకి?"

"పెట్టారక్కా."

"ఏటి పేరు?"

బస్టాపు రేకు మీదనుంచి నీళ్లు కారుతున్నాయి. "అమ్మ పేరు పెట్టారు" అన్నాను.

ఇప్పుడు తిడుతుంది, ఎదవ అబద్ధాలు ఆపరా అంటుంది అనుకున్నాను. అలా అంటే బాగుండునని కూడా అనుకున్నాను. తీరా అక్క ఫోను పక్కకి తిప్పి ఎవరితోనో అరుస్తోంది: "ఇన్నారా, మాయమ్మ పేరెట్టారంట! అయిదరాబాద్‌లో! కంపూటర్లో!" ఆడవాళ్ల గొంతులు గోలగోలగా లేచాయి.

"ఒరే, ఆ కాయితం ఫోటో తీసి పంపరా" అంది అక్క. "ఈళ్లకి సూపిత్తాను."

బస్సొచ్చిందని చెప్పి ఫోను పెట్టేశాను. బస్సు ఇంకా రాలేదు.